నాలుగో ప్రశ్న

తెల్లారడానికింకా గంటన్నర.
ట్రెగారన్ చౌరస్తాలో నూటపాతిక మందిమి,
ముందువాళ్ళ ఎర్రదీపం వెనకవాళ్ళ కళ్ళలో.
రెండువందల పది కిలోమీటర్లు. పద్నాలుగు గంటలు.
ఎక్కుడు మూడువేల ఎనిమిదొందల మీటర్లు.
కాగితం మీద అంకెలెప్పుడూ పెద్దమనుషుల్లాగే ఉంటాయి.

గెలిచేవాడు లేడు, బహుమతి లేదు.
మడతల అట్టముక్క మీద ఊరూరా ముద్ర పడాలి,
ముద్ర వేసే మనిషి లేనిచోట
ఒక ప్రశ్నకి జవాబు రాయాలి. అంతే.

మొదటి కొండకే మాటలు అయిపోయాయి.
సెల్విన్ పలకరాళ్ళతో ఇళ్ళకి కప్పు వేస్తాడు,
కప్పు మీద నడిచినట్టే చూసి చూసి తొక్కుతాడు.
మెరెరిడ్ బడిపిల్లలకి వండి పెడుతుంది,
ఏటవాలులో ఆమె ఊపిరి గిన్నె మీద మూతలా ఎగిరెగిరి పడుతుంది.
ఇద్వల్ పశువుల డాక్టరు. అబద్ధాలాడే మనిషి కాదు,
అయినా ప్రతి మలుపులోనూ "ఇంకొక్కటే, ఇదే ఆఖరు" అంటాడు,
ఈనలేక అవస్థపడే ఆవుకి చెప్పినట్టు.
నేను బస్సు నడుపుతాను. ఈ రోడ్డు మీదే, పంతొమ్మిదేళ్ళుగా.
ఇది ఇంత నిటారని
నా కుడిపాదం ఒక్కనాడూ నాతో అనలేదు.

ఎలాన్ లోయలో వాన.
పైనుంచి కాదు, పక్కనుంచి.
రోడ్డుకడ్డంగా గొర్రెలు, మేమే తప్పుగా వచ్చినట్టు చూశాయి.
ఊరి హాల్లో రొట్టె మీద వేడి చిక్కుడుగింజలు,
తడిసిన సాక్సుల వాసన,
రెండో కప్పు టీ పట్టుకున్నాక గానీ
నా వేళ్ళు నావని తెలియలేదు.

నూటముప్ఫై ఆరో కిలోమీటరు దగ్గర
సెల్విన్ గేరుతీగ టప్పున తెగింది.
మిగిలింది ఒకే ఒక్క గేరు, అన్నిటికన్నా బరువైనది.
"మీరు వెళ్ళండి" అన్నాడు.
ఎవరూ జవాబు చెప్పలేదు.
మెరెరిడ్ సంచిలోంచి అణిగిపోయిన కేకు తీసి
నాలుగు ముక్కలు చేసింది, పెద్దది అతనికి.
అప్పట్నుంచి దిగుడంతా సైకిళ్ళు మమ్మల్ని మోశాయి,
ఎక్కుడంతా మేం వాటిని నడిపించాం.

చీకటిపడే వేళకి నాలుగో ప్రశ్న:
*చాపెల్ తలుపు మీది రాతిలో ఏ సంవత్సరం?*

రాయి ఉంది. దాని మీద నాచు ఉంది.
నాలుగు దీపాలూ పైకెత్తి పట్టాం.
దీపాలకి నాచే కనిపించింది, ఇంకా పచ్చగా.
"మంచి పలక" అన్నాడు సెల్విన్, అక్కరకు రాని సంగతి.
ఏదో ఒకటి రాసేద్దామన్నాను నేను.
మెరెరిడ్ నా వంక చూసింది,
పాలు పారబోసిన పిల్లాణ్ణి చూసినట్టు.

ఇద్వల్ చేతొడుగు విప్పాడు.
సెల్విన్ వంగితే అతని వీపెక్కాడు,
కళ్ళు మూసుకుని వేళ్ళు నాచులోకి పోనిచ్చాడు.
ముప్ఫై ఏళ్ళుగా చీకటి కడుపుల్లో
దూడ కాలేదో తలేదో వెతికిన వేళ్ళు.
"ఒకటి" అన్నాడు.
"ఎనిమిది."
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
వాగు చప్పుడు. సెల్విన్ మోకాళ్ళ వణుకు.
"మూడు... కాదు, ఉండండి, అడ్డం తిరిగుంది...
రెండు.
ఏడు."

నలుగురం నాలుగు అట్టల మీద రాసుకున్నాం,
పెన్సిలు ఒకటే.

ఆ తర్వాత దారి నాకు సరిగా గుర్తులేదు.
ముందు ఎర్రదీపం, దాని ముందు ఎర్రదీపం,
ఇద్వల్ ఇంకో మూడుసార్లు ఆఖరి కొండ ఎక్కించాడు.

హాల్లో ఎల్యునెడ్ సూపు గరిటె పక్కనపెట్టి
గోడగడియారం చూసింది.
ఎనిమిదీ ఆరు.
గడువు ఎనిమిది.
కళ్ళజోడు పెట్టుకుని మా జవాబులు చదివింది.
"ఇవాళ ఇది సరిగ్గా రాసింది మీరే" అంది,
అని ముద్ర వేసింది,
పక్కన ఉన్నది ఉన్నట్టు రాసింది: 20:06.

కాసేపు స్పూన్ల చప్పుడే.
అట్ట ఆరబెట్టుకుంటూ
సెల్విన్ ఎవరి వంకా చూడకుండా అన్నాడు,
"వచ్చే ఏడు ఒక తీగ ఎక్కువ తెస్తాను.
గోకుడు చెక్క కూడా.
మంచి పలక అది."